పంటి తగవుకు పెద్దమనిషి ఎవరు?

పన్ను బాగుచేయించుకున్నవాడికీ, చేసిన డాక్టరుకూ తగవు వస్తే తీర్చాల్సింది ఎవరు? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మనిషికి ప్రధానంగా రెండు గుమ్మాలున్నాయి. ఒకటి విజయవాడలో ఉన్న రాష్ట్ర డెంటల్ కౌన్సిల్. అక్కడ డాక్టరు తప్పొప్పులు సాటి డాక్టర్లే చూస్తారు. రెండోది జిల్లా కేంద్రంలో ఉన్న వినియోగదారుల కమిషన్. అక్కడ కూర్చునేవాళ్లకు దంతవైద్యం తెలియాలన్న నియమం లేదు. ఈ రెంటి మధ్య వాదాన్ని బావా బావమరుదుల నోట పెడుతున్నాను. బావ శ్రీకాకుళంలో ప్లీడరు, బావమరిది విజయనగరంలో పళ్ల డాక్టరు. ఇద్దరూ కల్పితులే. వాళ్లు ఎత్తిచూపే చట్టాలు, తీర్పులు మాత్రం కల్పితాలు కావు. నా మొగ్గు ఎటో చదువుతుంటే తెలిసిపోతుంది, దాచే ఉద్దేశమూ లేదు.

డాక్టరు: ఒక్క ఫైలు సంగతి చెప్తాను, వినండి బావగారూ. రూట్ కెనాల్ చేసినప్పుడు పంటి వేరు లోపలి సన్నటి దారిని గీకి శుభ్రం చేసే పనిముట్టు అది. పని చేసే భాగం అంగుళం లోపు, కొన వెంట్రుకంత. వంకర తిరిగిన వేరులో మెలిపడి ఒక్కోసారి ఆ కొన విరిగి లోపలే ఉండిపోతుంది. ఎంత చేయి తిరిగినవాడికైనా జరుగుతుంది. లాగబోతే వేరు పలచబడి పగిలే ప్రమాదం ఉంది కాబట్టి, కొన్నిసార్లు అక్కడే ఉంచి పైనుంచి మూసేయడమే మేలు. కొన్నాళ్లకు ఆ పేషెంటు మరోచోట ఎక్స్‌రే తీయించుకుంటాడు. తెల్లటి గీత కనిపిస్తుంది. పంట్లో సూది వదిలేశాడంటూ మీ దగ్గరకు పరిగెత్తుకొస్తాడు, మీరు నోటీసు రాస్తారు. కమిషన్‌లో కూర్చున్నవారికి ఆ గీత అయినా, కడుపులో మరిచిపోయిన కత్తెర అయినా ఒకటే. తేడా తెలిసేది ఇంకో పళ్ల డాక్టరుకే. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా, మరి పట్టగలిగినవాళ్లు ఎవరు? ఇంట్లోవాళ్లే. అందుకే మా తగవు మావాళ్ల దగ్గరే తేలాలంటాను.

ప్లీడరు: ఫైలు విరగడం తప్పు కాదని నువ్వు చెప్తే ఒప్పుకుంటాను డాక్టరూ. కానీ ఆ మనిషి నా దగ్గరకు వచ్చింది అది విరిగినందుకు అనుకుంటున్నావా? విరిగిన సంగతి ఇంకో డాక్టరు చెప్తే గాని తెలియనందుకు. ఆ రోజే ‘అమ్మా, కొన లోపల ఉండిపోయింది, తీస్తే ఈ ఇబ్బంది, ఉంచితే ఈ ఇబ్బంది, కావాలంటే విశాఖలో స్పెషలిస్టుకు రాసిస్తాను’ అని చెప్పి, కేసు షీట్లో ఒక్క ముక్క రాసి ఉంటే తగవే లేదు. చెప్పాడా లేదా, రాశాడా లేదా అన్నది తేల్చడానికి బీడీఎస్ చదవక్కర్లేదు. చేయబోయేదేమిటో రోగికి తెలిపి, తెలిసిన మీదటే ఒప్పుదల తీసుకోవాలని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి నీ ఫైలు కేసులోనే రెండు ప్రశ్నలున్నాయి. చేతిపని ఎలా ఉందన్నది ఒకటి, మనిషితో ఎలా మసలుకున్నాడన్నది ఇంకోటి. మొదటిదానికి సాటివాడు కావాల్సిందే. రెండోదానికి సాటివాడు అడ్డం కూడా కావచ్చు, తానూ చెప్పకుండా ఊరుకున్న రోజులు అతనికి గుర్తుంటాయి కనుక.

ఇక మీవాళ్ల గుమ్మం ఎక్కితే ఏమవుతుందో చూద్దాం. 1948 నాటి డెంటిస్టుల చట్టంలో 41వ సెక్షన్ ఉంది. ఆరోపణ వచ్చిన డాక్టరు చెప్పుకునేది విని, విచారించి, రిజిస్టరు నుంచి పేరు తీసేసే అధికారం కౌన్సిల్‌కు ఇచ్చింది. బాధపడ్డవాడికి పరిహారం ఇప్పించే అధికారం ఇవ్వలేదు. పేరు తీసేయడమంటే ఒక మనిషి బతుకుతెరువు తీసేయడం. అంత పెద్ద శిక్ష చేతిలో ఉన్నవాళ్లు దాన్ని బయటికి తీయడానికి వెనకాడతారు, అది మానవ సహజం. అదే చట్టం 21వ సెక్షన్ కౌన్సిల్లో ఎవరెవరుండాలో చెప్తుంది. రిజిస్టరైన దంతవైద్యులు తమలోంచి ఎన్నుకున్నవాళ్లు, డెంటల్ కాలేజీల ప్రిన్సిపాళ్లు, మెడికల్ కౌన్సిల్ పంపిన ఒకరు, ప్రభుత్వం నామినేట్ చేసినవాళ్లు. పేషెంట్ల తరఫున ఒకరుండాలన్న మాట ఎక్కడా లేదు. ఎవరి మీద ఫిర్యాదో, వాళ్ల ఓట్లతో గెలిచినవాళ్లు కూడా తీర్పరుల్లో ఉంటారన్నమాట.

డాక్టరు: ఓటు మాట భలే అన్నారు బావగారూ. మరి మీ బార్ కౌన్సిల్ సంగతేటి? ప్లీడర్ల మీద ఫిర్యాదు వినేది ప్లీడర్లు ఎన్నుకున్న ప్లీడర్లే కదా. పైగా లాయర్ల సేవలు వినియోగదారుల చట్టం కిందకు రావని 2024 మేలో సుప్రీంకోర్టు తేల్చేసింది. కేసు ఓడగొట్టిన ప్లీడరును కమిషన్‌కు లాగడానికి లేదు, పన్ను నొప్పి తగ్గకపోతే నన్ను మాత్రం లాగొచ్చు. డాక్టర్లను 1995లో శాంతా కేసు తీర్పుతో ఆ చట్టం కిందకు తెచ్చారు. ఆ తీర్పునే మళ్లీ పరిశీలించాల్సిన అవసరం ఉందని అదే 2024 తీర్పులో ఇద్దరు న్యాయమూర్తులు రాశారు కూడా.

ప్లీడరు: రాశారు, అదే ఏడాది ఇంకో పెద్ద బెంచి ఆ అవసరం లేదని పక్కన పెట్టేసింది. అయినా నీ దెబ్బ తగిలింది, కాదనను. మావాళ్లకు దొరికిన రక్షణ సబబేనని నేను వాదించబోను. ఒక ఇంటికి తలుపు లేదని పక్కింటివాడి తలుపు ఊడదీయమనడం మాత్రం కుదరదు.

డాక్టరు: సరే, కోర్టుల మాటే తీసుకుందాం. డాక్టరు తప్పు చేశాడో లేదో కొలవడానికి కోర్టులు వాడే కొలబద్ద ఏమిటి? 1957లో ఇంగ్లండులో వచ్చిన బోలమ్ తీర్పు. అదే విద్యలో ఆరితేరిన బాధ్యతగల డాక్టర్లు ఒప్పుకునే పద్ధతిలో చేస్తే నిర్లక్ష్యం కాదని. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు దాన్నే తలకెత్తుకుంది. డాక్టరు మీద క్రిమినల్ కేసు నడపాలంటే ముందు ఆ శాఖ తెలిసిన, వీలైతే ప్రభుత్వ కొలువులో ఉన్న డాక్టరు అభిప్రాయం తీసుకోమంది. అంటే మీ కోర్టులు కూడా చివరికి మా ఇంటి తలుపే తడుతున్నాయి.

ఎందుకు తట్టాలో చెప్తాను. మన ఊళ్లలో పెద్దవయసు ఆడవాళ్లకు అడ్డపొగ అలవాటు ఉంది కదా, చుట్ట నిప్పు కొన నోటి లోపల పెట్టుకుని పీల్చడం. దాని మీద పిండ్‌బోర్గ్, మెహతా బృందం 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో రాసిన పరిశీలన నోటి క్యాన్సర్ గురించి చదివేవాళ్లందరికీ తెలుసు. 10,169 మంది గ్రామస్తుల నోళ్లు చూసి రాశారు. ఆ జనమంతా మన శ్రీకాకుళం జిల్లావాళ్లే. అప్పటికి విజయనగరం జిల్లా పుట్టలేదు, అది 1979లో కదా వచ్చింది. ఆ అలవాటున్న మామ్మ పళ్లన్నీ ఊడి కట్టుడు పళ్లకు వస్తుంది అనుకోండి. పై సెట్టు అంగిలిని మొత్తం కప్పేస్తుంది. కొలత తీయాలంటే ట్రేలో ముద్ద వేసి అంగిలికి నొక్కాలి, అంగిలి కంటపడకుండా ఆ పని జరగదు. అక్కడ పొర తెల్లబడి మందంగా ఉండి, మధ్యలో ఎర్రటి చుక్కలు, ఓ పక్క మానని పుండు ఉన్నా సెట్టు తగిలించి పంపేసినవాడిని నేనైతే క్షమించను. కానీ ఆ మామ్మ ఫిర్యాదు చేస్తే ఏమని చేస్తుంది? సెట్టు వదులుగా ఉంది, అన్నం నమలలేకపోతున్నాను అని. మీరు దాన్నే పట్టుకుని సెట్టు డబ్బులు ఇప్పించమని వాదిస్తారు, గెలుస్తారు కూడా. అసలు తప్పు కాగితం మీదకే ఎక్కదు. సాటి డాక్టరైతే సెట్టు తీసి పక్కన పెట్టి, నోరు తెరవమని ముందు అంగిలి చూస్తాడు.

(మధ్యలో రాసేవాడి మాట ఒకటి. సాటివాళ్ల విచారణ అంటేనే కుమ్మక్కు అని కొట్టిపారేసేవాళ్లు ఈ అంగిలికి జవాబు చెప్పుకోవాలి. ఫిర్యాదు చేసేవాడికి తనకు జరిగిన నష్టం ఎంతో తెలియకపోవచ్చు. తెలియని నష్టాన్ని ఏ ప్లీడరూ అర్జీలో రాయలేడు.)

ప్లీడరు: అంగిలి దగ్గర నాకు మారుమాట లేదు. కానీ నీ సాటి డాక్టరు అక్కడ చేసిందేమిటో చూడు. నోరు తెరిపించాడు, చూశాడు, చూసింది చెప్పాడు. సాక్షి చేసే పని అది. సాక్షిని న్యాయమూర్తి కుర్చీలో కూర్చోబెట్టాలన్నది నీ వాదనలోంచి రాలేదు, నువ్వు జతచేశావు. ఎందుకు కూర్చోబెట్టకూడదో చెప్పడానికి నీ అడ్డపొగకు ఎదురుగా ఉద్దానాన్ని పెడతాను. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస. కారణం ఇదీ అని తేలని కిడ్నీ జబ్బు అక్కడ ఇంటింటి మాట. పాడవుతున్న కిడ్నీకి నొప్పి మాత్రలు చేటు చేస్తాయని అక్కడి ఆశా కార్యకర్తకూ తెలుసు. ఆ మండలాల మనిషికి పన్ను పీకి, ఐదు రోజులకు డైక్లోఫెనాకో ఏసిక్లోఫెనాకో రాసేముందు ‘క్రియాటినిన్ ఎప్పుడైనా చూపించుకున్నావా’ అని అడగాలా వద్దా? నువ్వు అడుగుతావు. అడగనివాళ్ల మీద ఫిర్యాదు వచ్చిందనుకో. ముగ్గురు సాటి డాక్టర్లు కూర్చుని, పన్ను పీకాక ఈ మాత్ర రాయడం మామూలేనని సంతకం పెడతారు. అందులో అబద్ధం లేదు, నిజంగా మామూలే. ఆ మామూలే మనిషిని డయాలిసిస్ మంచం దాకా తొందరగా తీసుకుపోయింది. అందరూ చేసే తప్పును అందరూ కలిసి తీర్పు చెప్తే అది పద్ధతి అయిపోతుంది. ఇంగ్లండు న్యాయమూర్తులకే ఈ భయం పట్టుకుని 1997లో బోలిథో కేసులో బోలమ్‌కు కళ్లెం వేశారు. పదిమంది డాక్టర్లు ఒప్పుకుంటే చాలదు, ఒప్పుకున్నది తర్కానికి నిలబడాలి, నిలబడిందో లేదో చూసేది కోర్టు అన్నారు.

డాక్టరు: ఉద్దానం మాట నిజమే. మా అందరికీ ఎవరో గట్టిగా చెప్పాల్సిన మాటే. కానీ మీ దారిలో పోతే ఇంకో నష్టం ఉంది. సీతంపేట నుంచో కొత్తూరు నుంచో ఒకతను దవడలో అడ్డంగా ఇరుక్కున్న జ్ఞానదంతంతో వస్తాడు. తీయగలను. తీసేటప్పుడు కింద నరానికి దెబ్బ తగిలి పెదవి కొన్నాళ్లు మొద్దుబారే అవకాశం కొద్దిగా ఉంది. ఒకసారి కమిషన్ మెట్లెక్కిన డాక్టరు ఇక ఆ పన్ను ముట్టడు, విశాఖ వెళ్లమంటాడు. బస్సు ఛార్జీలు, తోడు వచ్చినవాడి కూలి, మళ్లీ కుట్లు విప్పించుకోవడానికి ఇంకో రోజు. ఆ ఖర్చంతా మీ న్యాయం ఖాతాలో రాసుకోవాలి. అందుకే 2009లో డిసౌజా కేసులో సుప్రీంకోర్టు, డాక్టరుకు నోటీసు పంపేముందే నిపుణుడి దగ్గర అభిప్రాయం తీసుకోమంది. ఆ ఒక్క జల్లెడ ఉంటే చాలు, పనికిమాలిన ఫిర్యాదులు గుమ్మంలోనే ఆగిపోతాయి.

ప్లీడరు: ఆ జల్లెడ ఏడాది నిలిచింది. 2010 మార్చిలో కిషన్‌రావు కేసులో సుప్రీంకోర్టే దాన్ని పక్కన పెట్టింది. మన హైదరాబాద్ కేసే అది. మలేరియాకు చేయాల్సిన చోట టైఫాయిడ్‌కు వైద్యం చేశారన్నది ఫిర్యాదు. జిల్లా ఫోరం పరిహారం ఇమ్మంది. నిపుణుడి సాక్ష్యం లేదని రాష్ట్ర కమిషన్ కొట్టేసింది, జాతీయ కమిషన్ సరే అంది. సుప్రీంకోర్టు మళ్లీ జిల్లా ఫోరం తీర్పునే నిలబెట్టింది. ప్రతి కేసుకూ నిపుణుడు అక్కర్లేదు, విషయం చిక్కుగా ఉంటేనే పిలవండి అంది. నీ రంగంలోనే చూడు. పుచ్చింది కింద కుడివైపు ఆరో పన్ను, ఎక్స్‌రేలోనూ అదే, చీటీలోనూ అదే, పీకింది ఏడో పన్ను. దీనికి నిపుణుణ్ని పిలిచి ఏమని అడగాలి? లెక్కపెట్టమనా? నీ జల్లెడ ఇలాంటివాడిని కూడా నిపుణుడి కోసం ఊళ్లు తిప్పుతుంది. తిరుగుతూ ఉండగానే ఫిర్యాదుకు ఉన్న రెండేళ్ల గడువు కరిగిపోతుంది. కౌన్సిల్‌కు రాసి జవాబు కోసం కూర్చున్నవాడికీ ఆ గడువు లెక్క ఆగదు, ఈ సంగతి చాలామందికి తెలియదు.

ఇంకో మాట. నిపుణుడు ఎక్కడివాడు? ఈ రెండు జిల్లాల్లో దంతవైద్యులు ఒకరికొకరు తెలియనివాళ్లు తక్కువ. ఒకే కాలేజీలో చదివినవాళ్లు, ఒకే సంఘం మీటింగుల్లో కలిసేవాళ్లు, తమకు కాని కేసులు ఒకరికొకరు పంపుకునేవాళ్లు. అలాంటివాణ్ని పిలిచి పక్క వీధి డాక్టరు మీద రాయమంటే, నిజాయితీపరుడైనా మెత్తగా రాస్తాడు. కొన్నిసార్లు పోటీవాడైతే కసిగానూ రాస్తాడు. రెండూ మనకు వద్దు. అభిప్రాయం జిల్లా దాటి రావాలి. విజయవాడ ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, కడపది ఉంది. పేర్లు కొట్టేసిన కేసు షీటు, ఎక్స్‌రేలు పంపితే చాలు. ఏం చూశాడో, ఎందుకు అలా అనుకున్నాడో కారణాలతో రాయాలి. రాసినవాణ్ని రెండు పక్షాలూ ప్రశ్నించే వీలుండాలి. ఆ మీదట నమ్మాలో లేదో తేల్చేది ఆ వృత్తికి బయట ఉన్నవాళ్లు.

డాక్టరు: ప్రైవేటు క్లినిక్‌లో డబ్బు కట్టినవాడి గురించే మాట్లాడుతున్నారు మీరు. టెక్కలిలోనో పార్వతీపురంలోనో ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా పన్ను పీకించుకున్నవాడి మాటేమిటి? అందరికీ ఉచితంగా చేసే ఆసుపత్రి మీ చట్టం కిందకు రాదని ఆ శాంతా తీర్పే చెప్పింది. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్సులో అర్జీ ఇస్తే అది తిరిగి తిరిగి ఆ ఆసుపత్రి సూపరింటెండెంటు బల్ల మీదకే వస్తుంది. డబ్బున్నవాడికి కమిషన్, లేనివాడికి కౌన్సిల్. కౌన్సిల్‌ను మీరు సాక్షి స్థాయికి దించేస్తే వాడికి మిగిలేదేమిటి? ఇక సంతలో కుర్చీ వేసుకుని కట్టుడు పన్ను అతికించేవాడైతే రిజిస్టర్లో పేరే ఉండదు, వాడి మీద మా కౌన్సిల్‌కు తీసేయడానికి పేరే లేదు. వాడు పోలీసుల సంగతి. సగం ఫిర్యాదులు అసలు వాళ్ల వల్ల రావాల్సినవే, రావు, ఎందుకంటే వాడు పై వారం ఇంకో సంతలో ఉంటాడు.

ప్లీడరు: ఇది నువ్వు చెప్పినవాటన్నిటిలోకీ గట్టి మాట. ప్రభుత్వాసుపత్రి రోగి కోసమే కౌన్సిల్ ఉండాలి, నేను మూసేయమనను. ఉండాల్సిన తీరులో ఉండాలి. ఇంగ్లండులో జనరల్ డెంటల్ కౌన్సిల్ ఉంది కదా, పన్నెండు మంది సభ్యుల్లో ఆరుగురు వృత్తికి బయటివాళ్లు. ఫిర్యాదు వినే ప్యానెళ్లలోనూ బయటివాళ్లు కూర్చుంటారు. దంతవైద్యం అక్కడేం పాడైపోలేదు. మన పార్లమెంటు 2023లో జాతీయ డెంటల్ కమిషన్ చట్టం తెచ్చి, నీతి నియమాలకూ రిజిస్ట్రేషన్‌కూ విడిగా ఒక బోర్డు పెట్టమంది. మంచిదే. కానీ దీనికి అన్నలాంటి 2019 మెడికల్ కమిషన్ చట్టంలో ఏం జరిగిందో నీకు తెలుసు. రాష్ట్ర కౌన్సిల్ నిర్ణయం నచ్చకపోతే అప్పీలు చేసుకోవచ్చని డాక్టరుకు రాశారు, ఫిర్యాదు చేసిన రోగి ఊసెత్తలేదు. ఓడిన డాక్టరుకు పై గుమ్మం ఉండి, ఓడిన రోగికి లేకపోతే కింద కూర్చున్నవాళ్ల చేయి ఎటు వాలుతుంది?

డాక్టరు: రోగికి అప్పీలు ఇవ్వండి, నాకు అభ్యంతరం లేదు. బయటివాళ్లు ప్యానెల్లో కూర్చోవచ్చు, సగం మంది వద్దు గాని ముగ్గురిలో ఒకరు. అభిప్రాయం వేరే జిల్లా నుంచి రావాలన్నదీ బాగానే ఉంది, నిజం చెప్పాలంటే మాకూ అదే క్షేమం. ఒక్క దగ్గరే నాకు మీతో కుదరదు. రాసిన డాక్టరు పేరు బయటపెట్టకూడదు. అమెరికాలో డెంటల్ సంఘాలు నడిపే సాటివాళ్ల విచారణ సాగుతున్నది ఆ గోప్యత వల్లనే. ముగ్గురు స్వచ్ఛందంగా కూర్చుంటారు, చూస్తారు, తప్పుంటే ఫీజు వెనక్కి ఇప్పిస్తారు, సంగతి నాలుగు గోడల మధ్య ఉంటుంది. మన దగ్గర పేరు తెలిస్తే ఆ మర్నాడే ఫోన్లు మొదలవుతాయి.

ప్లీడరు: ఫీజు వెనక్కి ఇప్పించేంతవరకు నీ నాలుగు గోడలు నాకు అభ్యంతరం లేదు. వదులైన సెట్టు, ఊడిన క్యాపు అక్కడ తేలిపోతే కమిషన్‌కూ బరువు తగ్గుతుంది. కానీ ఒక మనిషి కిడ్నీకో నరానికో దెబ్బ తగిలిన కేసులో పేరులేని అభిప్రాయాన్ని నేను ఎవరిని ప్రశ్నించి పరీక్షించాలి? అది ఆకాశరామన్న ఉత్తరం అవుతుంది. పేరు ఉండాలి.

డాక్టరు: అయితే ఎవరూ రాయరు.

ప్లీడరు: ప్రభుత్వ కాలేజీ ప్రొఫెసరుకు అది ఉద్యోగంలో భాగమని జీవో ఇస్తే రాస్తారు. పోస్టుమార్టం రిపోర్టు రాసే డాక్టరు పేరు దాచుకుంటాడా? కోర్టుకు వచ్చి బోనెక్కి చెప్తాడు, ఫోన్లు వస్తే ఎత్తడు.

డాక్టరు: పోస్టుమార్టం చేసినవాడికి తన ఊళ్లో పనే, తన కోర్టే. కడప ప్రొఫెసరు మీ శ్రీకాకుళం కమిషన్‌కు వచ్చి మీ ప్రశ్నలకు జవాబు చెప్పాలంటే రాకపోకలకే రెండు రోజులు పోతాయి. ఓపీ ఎవరు చూస్తారు, టీఏ ఎవరిస్తారు? వీడియోలో అడుగుతానంటే మాత్రం నేనే ఒప్పిస్తాను.

ప్లీడరు: వీడియోలోనే అడుగుతాను. ఎక్స్‌రే మాత్రం ఇద్దరికీ ఒకేసారి కనపడాలి.